ఊపిరికో తొడుగు

ఉత్తరాంధ్ర బలాన్ని ఊపిరితో కొలిచిన నేల. వీరఘట్టంలో జన్మించి ‘కలియుగ భీముడు’గా దేశవిదేశాల్లో ఖ్యాతి గడించిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసులు చుట్టించుకొని, గుండెల నిండా గాలి పీల్చి వాటిని తెంచేవారని ఇక్కడి ప్రజలు నేటికీ గర్వంగా చెప్పుకొంటారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో భారతదేశానికి కాంస్య పతకం సాధించిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట ఆడపడుచు. ఇటువంటి నేలపై, రెండంతస్తుల మెట్లెక్కేసరికి ఆయాసంతో ఆగిపోయే పదిహేడేళ్ల విద్యార్థికి తన జబ్బు ఒక అవమానంగా తోచడంలో వింతలేదు. అందుకే అతడు మందును పుస్తకాల సంచి అడుగున దాస్తాడు. జేబులో ఉన్న మాస్కును దుమ్ములోనూ పైకి తీయడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో ఉబ్బసంతో చదువుకొంటున్న యువతీయువకులకు ఊపిరితిత్తులతో పోరాటం ఒక ఎత్తయితే, తోటివారి చూపులతో పోరాటం మరొక ఎత్తు. ఈ రెండవ పోరాటం అనవసరమైనది. దానిని తొలగించడం సమాజం చేతిలో ఉంది.

ఉబ్బసం లేదా ఆస్తమా ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే సన్నని శ్వాసనాళాలకు సంబంధించిన వ్యాధి. ఆ నాళాల లోపలి పొర నిరంతరం కొంత వాపుతో, అతి సున్నితంగా ఉంటుంది. పొగ, ధూళి, పుప్పొడి, చల్లని గాలి, జలుబు కలిగించే వైరస్‌లు, ఒక్కొక్కసారి పరుగు, చివరకు పెద్ద నవ్వు కూడ ఆ నాళాలను రెచ్చగొట్టవచ్చు. అప్పుడు వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. లోపల కఫం చేరుతుంది. దారి ఇరుకై, గాలి పోయి వచ్చేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. పూర్వజన్మ పాపఫలమూ కాదు. మనోబలం లేకపోవడం వల్ల వచ్చేది అంతకన్నా కాదు. సరైన మందు క్రమం తప్పక వాడితే ఈ వ్యాధి ఉన్నవారు అందరివలె జీవించగలరు. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పిన బ్రిటన్ క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్ చిన్ననాటి నుండి ఆస్తమా ఉన్న వ్యక్తి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 కోట్ల 20 లక్షల మందికి ఆస్తమా ఉంది. ఆ ఒక్క సంవత్సరంలోనే 4 లక్షల 55 వేల మంది దానివల్ల మరణించారు. ఆస్తమా ఉన్నవారిలో సుమారు 13 శాతం మంది భారతదేశంలో ఉండగా, ఆస్తమా మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడే సంభవిస్తున్నాయని అధ్యయనాలు అంచనా వేశాయి. ఈ రెండు అంకెల మధ్యనున్న అంతరం ఆలోచింపజేస్తుంది. వ్యాధిని సకాలంలో గుర్తించకపోవడం, మందులు అందుబాటులో లేకపోవడం, పీల్చే మందు అలవాటైపోతుందన్న అపోహ, నలుగురిలో బయటపడతామన్న సంకోచం కలిసి ఆ అంతరాన్ని పెంచుతున్నాయి. ఆడపిల్లల విషయంలో ఈ సంకోచం మరింత బరువైనది. ‘పిల్లకు ఆయాసమని తెలిస్తే సంబంధాలు రావు’ అన్న భయంతో కన్నవారే వ్యాధిని కప్పిపుచ్చడం పల్లెల్లో కొత్త కాదు. దాచిన వ్యాధికి వైద్యం అందదు.

ఇక ఈ ప్రాంతపు గాలిని గమనించాలి. పలాస, కాశీబుగ్గలు జీడిపప్పుకు పేరుగాంచిన జంట పట్టణాలు. జీడిపిక్కలను కాల్చినప్పుడు వాటి పెంకుల్లోని ఘాటైన నూనె పొగగా మారి కళ్లను, గొంతును మండిస్తుంది. నెల్లిమర్ల, విజయనగరం పరిసరాలు జనపనార మిల్లులకు ప్రసిద్ధి. నార ఉన్నచోట నూగు తప్పదు. గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్ కొలిమి, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు, ఊరూరా బియ్యపు మిల్లులు, జాతీయ రహదారిపై ఎడతెగని లారీలు ఉన్నాయి. ఇవి వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. వాటి పక్కనే చదువుకొనే పిల్లల ఊపిరితిత్తులకు పరీక్ష పెడుతున్నదీ ఇవే. సముద్రతీరపు తేమ, పుష్యమాసపు మంచు, నూర్పిళ్లనాటి ధాన్యపు ధూళి దీనికి తోడవుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాలను అతలాకుతలం చేశాయి. తుపాను వెళ్లిన తరువాత తడిసిన గోడలపై పట్టే బూజు కూడ ఉబ్బసానికి శత్రువే. గాలి ఇలా ఉన్నచోట శ్వాసకు ఒక వడపోత కావాలని కోరుకోవడం విలాసం కాదు.

నిజానికి ముఖానికి గుడ్డ కట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతు తలపాగా కొసను ముక్కుకు చుట్టుకొంటాడు. రోడ్డు పనిలో రాయి కొట్టే స్త్రీ చీరకొంగును నోటికి అడ్డం పెట్టుకొంటుంది. ద్విచక్రవాహనంపై కళాశాలకు వెళ్లే విద్యార్థిని చున్నీతో ముఖమంతా కప్పుకొంటుంది. వారిని చూసి ఎవరూ నవ్వరు. శాస్త్రీయమైన మాస్కు చరిత్రకు కూడ శతాబ్దం దాటింది. 1910–11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వ్యాపించినప్పుడు, మలయాలో పుట్టిన చైనీయ వైద్యుడు వూ లియన్-తే పలుచని గుడ్డ, దూది పొరలతో మాస్కులు చేయించి అందరిచేత ధరింపజేశాడు. వ్యాధి గాలి ద్వారా వ్యాపిస్తుందన్న ఆయన మాటను నమ్మక, మాస్కు లేకుండా రోగులను పరీక్షించిన ఒక ఫ్రెంచి వైద్యుడు కొద్ది రోజుల్లోనే ప్లేగు సోకి మరణించాడు. గాలిని వడకట్టడం ప్రాణరక్షణ అని ఆనాడే రుజువైంది.

మాస్కును లోకమంతటికీ పరిచయం చేసింది 2020 సంవత్సరం. ఆ ఏడాది ఏప్రిల్ 15న కేంద్ర ప్రభుత్వం జారీచేసిన మార్గదర్శకాలు బహిరంగ ప్రదేశాల్లో ముఖాన్ని కప్పుకోవడం తప్పనిసరి చేశాయి. మే తొలివారం వరకు విజయనగరం జిల్లాలో ఒక్క కరోనా కేసు కూడ నమోదు కాకపోయినా అక్కడి ప్రజలూ మాస్కులు ధరించారు. ప్రతి వ్యక్తికీ మూడు మాస్కులు పంచాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించినప్పుడు వాటిని కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలు చేపట్టారు. కుట్టుమిషను చప్పుడుకు ఆనాడు ప్రాణరక్షణ అనే అర్థం వచ్చింది. 2022 మార్చి 31తో విపత్తు నిర్వహణ చట్టం కింద విధించిన ఆంక్షలు ముగిశాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి తొలగినట్లు ప్రకటించింది. మాస్కులు మూలపడ్డాయి.

ఈ రెండు కాలాల్లోనూ ఉబ్బసమున్న విద్యార్థికి ఎదురైన అనుభవాన్ని పోల్చి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. నిబంధన ఉన్న రోజుల్లో ఆయాసం వచ్చి క్షణకాలం మాస్కు దించితే ‘బాధ్యత లేదు’ అని మందలించినవారున్నారు. నిబంధన పోయిన తరువాత దుమ్ములో మాస్కు తగిలించుకొంటే ‘ఇంకా కరోనా పోలేదా?’ అని నవ్వేవారున్నారు. అప్పుడు దించడం తప్పయింది, ఇప్పుడు ధరించడం తప్పయింది. రెండు కాలాల్లోనూ అతని ఊపిరి గురించి అందరూ తీర్పు చెప్పారు కాని, అతడిని అడిగినవారు అరుదు. వ్యాధి అతనిది, ఊపిరి అతనిది. వైద్యుని సలహాతో ఎప్పుడు ధరించాలో, ఎప్పుడు తీయాలో నిర్ణయించుకొనే హక్కు కూడ అతనిదే కావాలి.

మాస్కు వల్ల ప్రాణవాయువు అందదని, ఉబ్బసమున్నవారికి అది ప్రమాదమని ఒక వాదం ప్రచారంలో ఉంది. దీనిని శాస్త్రదృష్టితో పరిశీలించాలి. ఎన్‌95 మాస్కు 0.3 మైక్రాన్ల పరిమాణం గల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. ఆక్సిజన్ అణువు పరిమాణం అందులో సుమారు వెయ్యో వంతు మాత్రమే. ధూళికణాన్ని పట్టే వల గాలి అణువును ఆపలేదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు తమ వద్దకు వచ్చిన రెండు వందల మందికి పైగా వ్యక్తులను పరిశీలించి, ఆస్తమా ఉన్నా లేకున్నా మాస్కు కారణంగా రక్తంలోని ప్రాణవాయువు శాతం తగ్గలేదని తెలిపారు.

అంతమాత్రాన ఉక్కిరిబిక్కిరిగా ఉందని చెప్పే విద్యార్థి అబద్ధమాడుతున్నాడని భావించరాదు. మాస్కు లోపల వేడి, తేమ పెరుగుతాయి. గాలి లాగడానికి కొంత ఎక్కువ శ్రమ అవసరమవుతుంది. ఈ తీరపు ఉక్కపోతలో, వైశాఖ జ్యేష్ఠాల ఎండలో అది మరింత బాధిస్తుంది. ఇరుకైన శ్వాసనాళాలు గలవారికి ఆ కొద్ది శ్రమ కూడ భారమే. రక్తంలో ప్రాణవాయువు తగ్గకపోయినా బాధ మాత్రం నిజం. శాస్త్రం అంకెను చూపుతుంది, రోగి అనుభవాన్ని చెబుతాడు. ఈ రెండింటినీ గౌరవించినప్పుడే మంచి నిర్ణయం సాధ్యం. వ్యాధి అదుపులో ఉన్నవారు సాధారణంగా మాస్కును సులభంగా భరించగలరు. మాస్కు ఏమాత్రం భరించలేకపోతే, ముందుగా వ్యాధి అదుపు తప్పిందేమో వైద్యుని చేత పరీక్ష చేయించుకోవాలి. ఆయాసం మొదలైన క్షణంలో మాత్రం సందేహం అక్కరలేదు. మాస్కు తీయాలి, నిటారుగా కూర్చోవాలి, వైద్యుడు సూచించిన ఉపశమన మందును పీల్చాలి. తగ్గకపోతే ఆలస్యం చేయక 108ని పిలవాలి.

మాస్కులన్నీ ఒక్కటి కావని కూడ తెలిసి ఉండాలి. గుడ్డ మాస్కు పెద్ద ధూళికణాలను కొంతవరకు ఆపుతుంది. బట్ట ఎంత శ్రేష్ఠమైనదైనా, పొందూరు సన్నఖాదీయే అయినా, సూక్ష్మమైన పొగ కణాలను పూర్తిగా అడ్డుకోలేదు. శస్త్రచికిత్స మాస్కు తుంపరలను ఆపుతుంది కాని, అంచుల్లో సందులు వదులుతుంది. ఎన్‌95 ముఖానికి ఒత్తుకొని ఉంటే మేలైన రక్షణ ఇస్తుంది, కాని శ్వాసకు శ్రమ ఎక్కువ. జీడి పొగలోని ఘాటైన వాయువులను ఇవేవీ పూర్తిగా ఆపలేవు. కాబట్టి పొగ దట్టంగా ఉన్నచోట మాస్కుతో నిలబడటం కన్న అక్కడి నుండి తొలగిపోవడం వివేకం. చలికాలపు ఉదయాన మాస్కు లోపలి వెచ్చదనం శ్వాసనాళాలకు మేలు చేయవచ్చు. జలుబు వ్యాపించే రోజుల్లో, జాతర్ల రద్దీలో అది వైరస్‌ల బెడదను తగ్గిస్తుంది. 2020లో అనేక దేశాల్లో ఆస్తమా తీవ్రమై ఆసుపత్రులకు వచ్చినవారి సంఖ్య తగ్గింది. అందుకు మాస్కు ఒక్కటే కారణమని చెప్పలేము. పాఠశాలలు మూతపడ్డాయి, గుంపులు తగ్గాయి, రోడ్లపై పొగ తగ్గింది. అయినా సోకే జలుబును ఆపితే ఉబ్బసపు దాడులూ తగ్గుతాయని ఆ సంవత్సరం చూపించింది.

మందు క్రమంగా వాడితే చాలదా, మాస్కు ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. మందే ప్రధానమన్నది నిర్వివాదం. శ్వాసనాళాల వాపును తగ్గించే పీల్చే మందును ప్రతిదినం వైద్యుడు చెప్పిన మోతాదులో వాడటానికి మాస్కు ప్రత్యామ్నాయం కాదు. గొడుగు ఉన్నంత మాత్రాన ఇంటి పైకప్పు అక్కరలేదని ఎవరూ అనరు. పైకప్పు ఉన్నదని వానలో గొడుగు వదిలేయరు కూడ. అలాగే మృగశిర కార్తెనాడు హైదరాబాదులో బత్తిన సోదరుల కుటుంబం పంచే చేపమందు కోసం ఏటా వేలాది మంది తరలివెళ్లడం తెలుగువారికి తెలిసిన విషయమే. దాని గుణం శాస్త్రీయంగా నిరూపితం కాలేదు. వెళ్లేవారి నమ్మకాన్ని ఎగతాళి చేయవలసిన పని లేదు కాని, దానిని నమ్ముకొని రోజువారీ మందు మానివేయడం ప్రాణాంతకం కావచ్చు.

మరొక వాదం మరింత కఠినమైనది. ‘అంత సున్నితమైనవారు ఇంటి పట్టునే ఉండవచ్చు కదా’ అనేవారున్నారు. కళ్లజోడు పెట్టుకొన్న విద్యార్థిని ఎవరూ చదువు మానమనరు. చూపుకు అద్దం ఎటువంటిదో, కొందరి శ్వాసకు మాస్కు అటువంటిది. మాస్కు ఆ విద్యార్థిని ఇంట్లో బంధించదు. దుమ్ములేచే దారిలో నడిచి తరగతి గదికి రావడానికి, ప్రయోగశాలలో నిలబడటానికి, ఉద్యోగానికి పోవడానికి అది సాయపడుతుంది. దానిని చూసి నవ్వినవారు ఆ దారిని అతనికి మూసివేస్తున్నారని గ్రహించరు. తోటివారి నవ్వుకు జంకి మాస్కు తీసి జేబులో పెట్టుకొన్న బాలుడు, ఆ రాత్రి పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చుంటాడు. ఆ నవ్వు ఖరీదు అతని తల్లికి తెలుస్తుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మాస్కు ధరించే బాధ్యతను రోగికి అప్పగించి, గాలిని చెడగొట్టే బాధ్యత నుండి ఇతరులు తప్పించుకోరాదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన ప్రమాణం ప్రకారం, 2.5 మైక్రాన్లు లేదా అంతకన్న చిన్న ధూళికణాలు ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములకు మించరాదు. భారతదేశపు ప్రమాణం 40 మైక్రోగ్రాములు. ఈ అంతరాన్ని ఏ విద్యార్థీ తన ముఖానికి కట్టుకొన్న గుడ్డతో పూడ్చలేడు. జీడిపిక్కలను కాల్చడానికి బదులు ఆవిరిపై ఉడికించే పద్ధతిని విస్తరించడం, మిల్లుల్లో ధూళిని పీల్చే యంత్రాలు అమర్చడం, రోడ్డు పనుల్లో నీరు చల్లడం, చెత్తను తగులబెట్టకుండా ఆపడం యజమానుల, పురపాలక సంఘాల, ప్రభుత్వాల కర్తవ్యం. ప్రజలు చేయగలిగింది కూడ తక్కువ కాదు. ఉత్తరాంధ్రలో సంక్రాంతి పెద్ద పండుగ. భోగిమంట వెలగని వీధి అరుదు. ఆ మంటలో ఎండు కట్టె, పిడకలు కాకుండా పాత టైర్లు, ప్లాస్టిక్ సంచులు వేస్తే ఆ పొగ పక్కింటి ఉబ్బసరోగికి పండుగ లేకుండా చేస్తుంది. మంటను చిన్నదిగా, ఇళ్లకు దూరంగా వేసుకొంటే సంప్రదాయమూ నిలుస్తుంది, పొరుగువాని ఊపిరీ నిలుస్తుంది.

కళాశాలలు ఈ విషయంలో ముందడుగు వేయవచ్చు. దానికి పెద్ద వ్యయం అక్కరలేదు. ప్రవేశ సమయంలోనే ఆస్తమా ఉన్న విద్యార్థుల వివరాలను గోప్యంగా నమోదు చేసుకోవచ్చు. సుద్దముక్కల పొడి ఎగిరే ముందువరుస నుండి వారిని కిటికీ వైపు కూర్చోబెట్టవచ్చు. ఊడ్చే పనిని తరగతులు మొదలయ్యే ముందే, నీళ్లు చల్లి పూర్తిచేయించవచ్చు. ఉపశమన మందును విద్యార్థి ఎల్లవేళలా తన వద్ద ఉంచుకొనేందుకు, పరీక్ష గదిలోకి సైతం తీసుకువెళ్లేందుకు అనుమతించాలి. ఆయాసం వస్తే ఏం చేయాలో ప్రతి అధ్యాపకుడూ తెలుసుకోవాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో 2023లో మరొకటి ప్రారంభమైంది. అక్కడి వైద్యులను ఏడాదికొకసారి ఆహ్వానించి, పీల్చే మందును సరిగా వాడే పద్ధతిని చూపించమని కోరవచ్చు. మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం. అది సెలవుల కాలం కాబట్టి, ఆ కార్యక్రమాన్ని కళాశాలలు తెరిచిన తరువాత జరుపుకొన్నా ప్రయోజనం ఒక్కటే.

వీటన్నిటికన్న తేలికైనది, అన్నిటికన్న కష్టమైనది తోటి విద్యార్థుల ప్రవర్తన. మాస్కు ధరించిన మిత్రుని చూసి కారణం అడగకుండా పక్కన కూర్చోవడానికి చట్టం అక్కరలేదు. ఆయాసంతో అతడు మెట్ల మధ్య ఆగినప్పుడు అతని సంచి అందుకొని, తానూ ఒక నిమిషం ఆగడానికి డబ్బు అక్కరలేదు. ఆ నిమిషం దొరికిన విద్యార్థి మందును సంచి అడుగున దాచడు. వ్యాధిని దాచనివాడికి వైద్యం అందుతుంది, వైద్యం అందినవాడు బ్రతుకుతాడు. ఊపిరిని కాపాడుకోవడానికి ఎవరూ సిగ్గుపడవలసిన అవసరం లేని కళాశాలే ఆరోగ్యమైన కళాశాల.